పులుపు పరీక్షకుడి నిర్బంధ దినచర్య

పాత్ర సంఖ్య: 1
పేరు: బెవర తవిటినాయుడు, వయసు నలభై మూడు
పూర్వపు హోదా: పులుపు పరీక్షకుడు, ద్వితీయ శ్రేణి, పెరుగు కేంద్రం, నిర్మల వలయం
నమోదు చేయువారు: పాత్రే

దినం 1

నియమావళి ప్రకారం పాత్ర స్థితిని పాత్ర సంరక్షకుడు ప్రతిదినం నమోదు చేయాలి. ఆ పోస్టు మంజూరై ఆరేళ్ళయినా భర్తీ కాలేదు. ఈ పాత్రకు చదవడం, రాయడం వచ్చు కనుక తన స్థితిని తానే నమోదు చేసుకోవలసిందని సమతౌల్య శాఖ ఉత్తర్వు ఇచ్చింది. నమోదును చదివి సంతకం చేసే పోస్టు కూడా ఖాళీయే కాబట్టి, ఇందులో నిజాలు రాయడానికి అభ్యంతరం ఉండదని భావిస్తున్నాను.

గది పొడవు పదకొండు అడుగులు, వెడల్పు తొమ్మిది. ఒక గోడ పూర్తిగా గాజు. ఇంకో గోడలో ఆహారపు కిటికీ ఉంది. దానికి లోపలొక తలుపు, బయటొక తలుపు. రెండూ ఒకేసారి తెరుచుకోవు. గది తలుపుకు లోపలివైపు పిడి లేదు. దీన్ని లోపంగా నివేదించాను. లోపం కాదని సమాధానం వచ్చింది.

నేను పాత్రనైన వృత్తాంతం ఇది. నిర్మల వలయం సముద్రం అడుగున, మూడు వందల మీటర్ల లోతులో, రెండు వేల నూట నలభై మంది కోసం కట్టిన ఊరు. పైన తెగుళ్ళు చెలరేగిన సంవత్సరాలలో మేమంతా ఇక్కడికి దిగివచ్చాం. గాలి, నీరు, బియ్యం, మనిషి, ఏది లోపలికి రావాలన్నా ముందు దాన్ని క్రిమిరహితం చేస్తారు. తెగుళ్ళు పోయాయి. తరవాత జబ్బులు మొదలయ్యాయి. పప్పు పొడి గాలిలో లేస్తే గొంతులు వాచేవి. సబ్బు తగిలితే చర్మం ఊడేది. విచారణ సంఘం రెండేళ్ళు కూర్చుని తేల్చిన విషయం ఏమిటంటే, మన ఒంట్లో కాపలా కాసే కణాలకు ఎవరు ఇంటివాళ్ళో, ఎవరు దొంగలో నేర్పేది పేగుల్లో కాపురముండే మంచి క్రిములట. నేర్పేవాళ్ళు లేకపోతే కాపలావాళ్ళు ఇంటివాళ్ళనే కొడతారు.

అందుచేత పెరుగు కేంద్రం పెట్టారు. తొమ్మిది రకాల క్రిములు, నలభై తొట్లు, తలకు రోజుకొక కప్పు. ఆ క్రిములు పేగుల్లో స్థిరపడవు, చుట్టాల్లాగా నాలుగు రోజులుండి వెళ్ళిపోతాయి. అందుకే రోజూ తినాలి. ఇరవై ఏళ్ళు తిన్నాం. గత నెల పై నుంచి ఏదో వైరస్ దిగింది. మనుషుల్ని ఏమీ చెయ్యదు, పెరుగు క్రిములను మాత్రం తింటుంది. నలభై తొట్లలోనూ ఉన్నది ఒకే తోడు. తొమ్మిది రోజుల్లో నలభై తొట్లలోనూ పాలు పాలుగానే ఉండిపోయాయి. కొత్త తోడు సరుకుల పెట్టెలో పై నుంచి రావాలి. పెట్టె ఆరు నెలలకోసారి దిగుతుంది, అనుమతి ఉన్నవారిని పైకి తీసుకెళుతుంది. ఇంకా నూట ముప్పై అయిదు రోజులుంది.

ఊరందరి ప్రాతఃకాల నమూనాలూ పరీక్షించారు. రెండు వేల నూట ముప్పై తొమ్మిది మందిలో ఏమీ మిగల్లేదు. ఒకడిలో తొమ్మిదికి తొమ్మిదీ, అదనంగా అనుమతి లేని మరో పద్నాలుగూ, హాయిగా కాపురం చేస్తున్నాయి. ఆ ఒకడు నేను. క్రిములు దాచే పాత్రగా నన్ను ప్రకటించి, కారణమేమిటని శాఖవారు అడిగారు. తెలియదన్నాను.

తెలుసు. పులుపు కొలిచే మీటరు పదకొండేళ్ళ కిందట చెడిపోయింది. కొత్తదానికి పెట్టిన అర్జీ పరిశీలనలో ఉంది. అప్పటినుంచీ నేను ప్రతి తొట్టిలోనూ వేలు ముంచి, నాకి, పులుపు అంచనా వేసి, మీటరు రీడింగుగా నమోదు చేస్తున్నాను. రోజూ నలభై తొట్లు నాకేవాడి పేగుల్లో ఆ చుట్టాలు కాపురానికే దిగిపోయినట్టున్నాయి. నియమావళి ప్రకారం ప్రతి తొట్టికీ రెండు రీడింగులు తీసుకోవాలి. తీసుకున్నాను. నాకిన వేలితోనే.

అంటే పదకొండేళ్ళుగా ఈ ఊరు తిన్నది నా ఎంగిలి. ఎంగిలి ఈ ఊళ్ళో నేరం. ఒకరి కంచంలోది ఇంకొకరు తినకూడదు, చేత్తో అన్నం కలపకూడదు, ఎవరి డబ్బా వారిది, ఎవరి చెంచా వారిది.

దినం 4

పాత్ర నిర్వహణ నియమాలు అందాయి. పాత్ర తెల్లారి నమూనా ఇవ్వాలి. పాత్ర గది దాటరాదు. పాత్రకు జబ్బు చేయరాదు. పాత్రను పూర్తిగా ఖాళీ చేయరాదు; ఎల్లప్పుడూ కొంత మిగిల్చి ఉంచాలి. చివరి నియమం ఆచరణలో ఎలా అని అడిగాను. నియమాలు తొట్ల కోసం రాసినవనీ, సవరించేదాకా అవే వర్తిస్తాయనీ చెప్పారు.

చెప్పినవారు సమతౌల్యాధికారిణి శ్రీమతి అవధానం కుముదిని. శాఖలో ఆమె కన్నా పెద్దవారు లేరు. గాజు గోడకు అవతల కుర్చీ వేసుకుని, మైకులో ఒక్కొక్క అక్షరమూ విడమరచి మాట్లాడతారు.

"మీ నమూనా నుంచి రోజుకు పన్నెండు గుళికలు తయారవుతాయి. శ్రేణుల క్రమంలో పంచుతాం. మనిషికొకటి," అన్నారు.

"రోజూ తినవలసిన దాన్ని మనిషికి ఒకసారి ఇస్తే సరిపోతుందా అండీ?"

"అది రెండో విడత ప్రశ్న. మొదటి విడత పూర్తయ్యాక తీసుకుందాం."

"నా భార్య సంఖ్య ఎంత?"

ఆమె కాగితం చూశారు. "కాంతమణి గారు, గోడ అతుకుల మిస్త్రీ, ఆరో శ్రేణి. పంతొమ్మిది వందల పద్నాలుగు."

భాగించి చూశాను. నూట అరవైయవ రోజు. గుళిక కన్నా కొత్త తోడే ముందు వస్తుంది. కాంతమణికి నెల రోజులుగా వేళ్ళ కణుపులు వాస్తున్నాయి. పోయిన వారం ఊపిరితిత్తులకు పాకింది. ఆమె ఒంట్లో కాపలావాళ్ళు ఇంటివాళ్ళను కొడుతున్నారు. పెరుగు తినకపోతే నెల అన్నాడు డాక్టరు.

"అతుకులు చూసేది ఆమె కదండీ. అతుకు ఊడితే సముద్రం లోపలికి వస్తుంది."

"ఊడినప్పుడు శ్రేణి పెంచే విషయం తప్పక పరిశీలిస్తాం," అన్నారు కుముదిని గారు.

దినం 7

ఆహారపు కిటికీ దగ్గరికి డబ్బా తెచ్చేది నూకరత్నం. వంటశాల బండి ఆమెది. యాభై దాటిన మనిషి. చిన్నప్పుడు భీమిలి దగ్గర సముద్రం మీద బతికి, ఇప్పుడు సముద్రం కింద బతుకుతోంది. బయటి తలుపు తీసి డబ్బా పెట్టి, కిటికీ పక్కనున్న జాలీలోంచి మాట్లాడింది.

"ఏటి తమ్ముడూ, నువ్వు పాత్రవంట గదా. మా యమ్మ పాత్రల్ని బూడిదెట్టి తోమీది. నిన్నెవులు తోముతన్నారు?"

"నేనే తోముకుంటున్నానప్పా."

"బాగా తోముకో. ఊరంతా నీ మీదే బతకాల. మా పక్కింటోడు గుళిక మింగీసి అడుగుతన్నాడు, ఇది తవిటినాయుడు లోపల్నించొచ్చిందేనా అని. ఔనన్నాను. మరింక మాటాడ్నేదు."

"కాంతమణి ఎలా ఉంది?"

నూకరత్నం కాసేపు బండి చక్రం సర్దింది.

"మెట్లెక్కలేకపోతంది. నిన్న డూటీ కెళ్ళి మజ్జిలో కూకుండిపోయింది. నువ్వడిగితే బాగున్నానని సెప్పమంది. సెప్పీసినాను."

దినం 10

కాంతమణి గాజు గోడ దగ్గరికి వచ్చింది. పాత్రను పది నిమిషాలు చూడవచ్చు. దగ్గితే రెండు నిమిషాలు కోస్తారు. ఆమె దగ్గు ఆపుకుంటోందని నాకు తెలిసింది, కాపలా మనిషికి తెలియలేదు. వేళ్ళు అల్లం కొమ్ముల్లా ఉన్నాయి.

"నీలోనే ఎందుకు మిగిలాయి?" అంది. పదకొండేళ్ళ కాపురంలో ఆమె నన్ను ఏ ప్రశ్నా చుట్టూ తిప్పి అడగలేదు.

మైకు కట్టేసి ఉన్న సమయం చూసి, గాజు మీద పెదవులానించి మెల్లగా చెప్పాను. మీటరు సంగతి, వేలు సంగతి, రెండో రీడింగు సంగతి.

ఆమె గాజు దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది.

"పదకొండేళ్ళు," అంది. "ఇంట్లో నీ కంచంలో మెతుకు ముట్టుకోలేదు నేను. నీ గ్లాసులో నీళ్ళు తాగలేదు. ఊరు మొత్తానికీ పెట్టిన ఎంగిలి నాకూ పెట్టావన్నమాట."

"పదకొండేళ్ళూ పెరుగు బాగుందనే అన్నావు కదా."

"నోరు ముయ్యి," అంది, దగ్గింది, రెండు నిమిషాలు పోయాయి. వెళ్ళేటప్పుడు వెనక్కి తిరగలేదు. కోపం వల్ల తిరగలేదో, మెడ తిరగకో నమోదు చేయడానికి ఆధారం లేదు.

దినం 13

వరుసలో కాంతమణి సంఖ్య మార్చవలసిందని నేను పెట్టిన అర్జీకి సమాధానం వచ్చింది. యథాతథంగా:

"తమరు తమ భార్య నిమిత్తం కోరిన మినహాయింపు పరిశీలించడమైనది. బంధువుల మినహాయింపు ఉద్యోగులకు మాత్రమే వర్తించును. తమరు ప్రస్తుతం ఉద్యోగి కాక పాత్ర అయినందున, పాత్రకు బంధువులు ఉండే అవకాశం లేనందున, అర్జీ తిరస్కరించడమైనది. అయినను తమ ఆరోగ్యం శాఖకు అమూల్యమని తెలియజేయడమైనది."

ఇంకో విషయం. నా నమూనాను గుళికగా ఎండబెట్టే యంత్రం పాల పొడి కోసం తెచ్చినది. దాని వేడికి క్రిములు బతకవు. ఈ సంగతి రాతపూర్వకంగా తెలియజేశాను. గుళికల్లోని క్రిములు చనిపోలేదనీ, విశ్రాంతిలో ఉన్నాయనీ శాఖ నమోదు చేసింది.

దినం 15

ఈ రోజు ఒక పొరపాటు జరిగింది.

మధ్యాహ్నం డబ్బాలో అన్నం, పప్పు, విడిగా కప్పు పాలు వచ్చాయి. పప్పు వదిలేసి అన్నంలో పాలు పోశాను. పాల మీద ఆవిరి చూసేసరికి చెయ్యి తన ఉద్యోగం తాను చేసింది. చూపుడువేలు ముంచాను, నాకాను, మళ్ళీ ముంచాను. రెండు రీడింగులు. పులుపు: సున్న. ఎక్కడ నమోదు చేయాలో తెలియక నవ్వొచ్చి, తినబుద్ధి కాక, డబ్బాను వేడినీళ్ళ గొట్టం మీద పెట్టి పడుకున్నాను.

సాయంకాలం మూత తీస్తే పాలు తోడుకున్నాయి. అన్నం చుట్టూ తెల్లగా, గట్టిగా, పక్కకి వంచినా కదలకుండా. నలభై తొట్లలో తోడుకోని పాలు ఒక డబ్బాలో తోడుకున్నాయి. తొమ్మిదిటి మీదికి వైరస్ వచ్చినా, మిగిలిన పద్నాలుగూ అడ్డుపడి కాపాడినట్టున్నాయి. వాటికి అనుమతి లేదు కనుక వైరస్‌కు కూడా వాటి సంగతి తెలిసి ఉండదు.

పాత్ర తినగా మిగిలిన ఆహారం నియమావళిలో "వ్యర్థం". వ్యర్థం కిటికీలోంచి బయటికి పోవచ్చు. దాన్ని కొలిమికి చేర్చేది నూకరత్నం.

"అప్పా, ఈ డబ్బా కొలిమిలో వెయ్యకు. కాంతమణికి ఇయ్యి. ఇవాళే తినమను."

నూకరత్నం మూత తీసి వాసన చూసింది. ఆమె ముఖం ఒక్కసారి పదేళ్ళు వెనక్కి వెళ్ళినట్టయింది.

"పాలన్నం తోడెట్టీసినావేటి? మా యమ్మెట్టీది, ఎండాకాలం." మూలనుంచి రెండు వేళ్ళతో ఇంత తీసుకుని నోట్లో వేసుకుంది.

"అది నా ఎంగిలప్పా."

"మరేటవుద్ది? ఆకలేసింది. గుళికైతే నీ ఎక్కడ్నించొస్తాదో నాకెరుకే. దానికన్నా ఇది నయం."

దినం 17

కాంతమణి తినలేదు. డబ్బా తెరిచి చూసి, ఎవరు కలిపారని అడిగి, మూసేసి తిరిగి ఇచ్చేసిందట.

"మొండిది," అంది నూకరత్నం. "సస్తే సస్తాను గానీ ఒకరి సేతిది తిన్ననంది. పారీడానికి మనసొప్పక నానూ నా కోడలూ తినీసినాం."

మరో డబ్బా పంపాను. అదీ తిరిగి వచ్చింది. మూడోది కూడా.

గదిలో చేయగలిగిన పని ఇంకేమీ లేదు. పదకొండు అడుగులు నడిచాను, తొమ్మిది అడుగులు నడిచాను. ఊరందరికీ సరిపడే మందు నా చూపుడువేలి కొసన ఉంది. నా ఇంట్లో ఒక్క మనిషి నోటికి అది చేరడం లేదు. మధ్యలో రెండు తలుపులున్నాయి, ఒక వరుస ఉంది, ఆ చివర ఆమె ఉంది.

దినం 22

నూకరత్నం మోచేతులకు నెలన్నరగా ఉన్న దద్దుర్లు తగ్గాయి. జాలీ దగ్గరికి చేతులెత్తి చూపించింది. ఆమె కోడలి గొంతు వాపు తీసింది. ఆ కోడలు డబ్బాలోది ఒక చెంచా మిగిల్చి, తన వంతు పాలలో వేసి, గొట్టం మీద పెట్టింది. తోడుకుంది. పక్కింటామె వచ్చి "ఇంత తోడివ్వమ్మా" అని కప్పు చాపిందట. ఆ మాట వలయంలో ఎవరైనా అని ఇరవై ఏళ్ళయింది. పెరుగు కేంద్రం వచ్చాక తోడు అడిగే పని ఎవరికీ పడలేదు.

"ఇచ్చిందా?"

"ఇయ్యకేం? సీకటడ్డాక అయితే ఇచ్చీది కాదంట, ఆళ్ళ నాయనమ్మ ఇయ్యొద్దనీదంట. ఇక్కడ సీకటెప్పుడో ఎవులికెరుక. ఇచ్చీసింది."

ఇప్పటికి నలభై ఇళ్ళు అన్నది. కాంతమణి ఇంటికి తప్ప, ఆ వీధిలో అన్ని ఇళ్ళకూ చేరింది.

దినం 25

కుముదిని గారు వచ్చారు. ఈసారి మైకు కట్టేయించి, కాపలా మనిషిని పంపేసి, జాలీ దగ్గర నిలబడ్డారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మాటమాటకీ తుమ్ముతున్నారు.

"తవిటినాయుడు గారూ, ఆరో శ్రేణి వీధుల్లో ఆరోగ్యం మెరుగవుతోంది. మొదటి శ్రేణిలో క్షీణిస్తోంది. ఇది క్రమవిరుద్ధం. మీకేమైనా తెలుసా?"

"గుళికలు విశ్రాంతిలో ఉన్నాయి కదండీ. లేచాక తగ్గుతుంది."

ఆమె నవ్వలేదు. తుమ్మి, రుమాలు మడిచి, "మీ వ్యర్థాన్ని తనిఖీ చేయాలి," అన్నారు.

మధ్యాహ్నపు డబ్బా కిటికీలో పెట్టాను. లోపలి తలుపు వేశాక బయటి తలుపు తెరుచుకుంది. సంచిలోంచి శాఖ చెంచా తీశారు. ఒక ముద్ద తిన్నారు. రెండో ముద్ద తిన్నారు. మూడో ముద్దకు చెంచా సంచిలో పెట్టేసి చేత్తో తిన్నారు. ఎప్పుడు నేర్చుకున్నారోగాని, వేళ్ళ చివరలతో తింటారు, అరచేతికి అంటకుండా.

"తనిఖీలో ఏమైనా తేలిందా అండీ?"

"ఉప్పు లేదు," అన్నారు. "రేపు కూడా తనిఖీ ఉంటుంది."

వెళ్ళిపోతున్న ఆమెను ఆపి, వరుస సంగతి మళ్ళీ అడిగాను. వరుస మార్చడం తన చేతుల్లో లేదన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆ చేతులకు ఇంకా మెతుకులున్నాయి.

దినం 28

కాంతమణిని నూకరత్నం చక్రాల బండి మీద తీసుకొచ్చింది, అన్నం డబ్బాల మధ్య కూర్చోబెట్టి. సందర్శన సమయం కాదు. కాపలా మనిషి పెళ్ళాం నూకరత్నం దగ్గరే తోడు తీసుకుందట. అతను గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

కాంతమణి పెదవులు నీలంగా ఉన్నాయి. ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి తీసుకుంటోంది. డాక్టరు చెప్పిన నెలలో ఆరు రోజులు మిగిలాయి.

"పోట్లాడ్డానికి వచ్చాను," అంది.

"పోట్లాడు."

"ఈ మనిషి రోజూ డబ్బా తెచ్చి నా ముందు పెడుతోంది. నేను తిననని తెలిసీ పెడుతోంది. ఎందుకు పంపుతున్నావు?"

"ఎందుకు తినవు?"

అడగకూడనిది అడిగినట్టు నూకరత్నం నా వంక చూసింది. కాంతమణి జాలీ మీద నుదురు ఆనించింది.

"పైన, తెగులొచ్చిన ఏడు, మా ఇంట్లో నేనూ మా చెల్లీ మిగిలాం. నాకు తొమ్మిది, దానికి ఆరు. నేను తినే కంచంలోంచే దానికి ముద్దలు పెట్టాను. నాలుగు రోజులు పెట్టాను. నాకేమీ కాలేదు. అది పోయింది. శుభ్రత వాళ్ళు వచ్చి కంచం చూసి, ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారా అని అడిగారు. అంతే అడిగారు. తిట్టలేదు కూడా."

పదకొండేళ్ళలో ఈ సంగతి నాకు చెప్పలేదు. శుభ్రత పట్టింపు గల ఇంటి పిల్ల అనుకున్నాను. వెక్కిరించాను కూడా, చాలాసార్లు.

నాకు తెలిసింది పెరుగు ఒక్కటే. అయినా తెగులు సంగతి చెప్పాను.

"నువ్వు పెట్టింది తెగులు కాదు, అన్నం. తెగులు గాలిలో ఉంది. ఒకే గదిలో పడుకున్నారు మీరిద్దరూ. వేరే కంచాలున్నా అంతే అయ్యేది." నిజమో కాదో నాకు తెలియదు. నిజమని నమోదు చేస్తున్నాను. "కాంతమణీ, నేను బయటికి రాలేను. అర్జీలు పెట్టాను. పాత్రకు పెళ్ళాం ఉండదన్నారు. ఈ గదిలోంచి నేను పంపగలిగింది ఆ డబ్బా ఒక్కటే."

నూకరత్నం డబ్బా మూత తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. కాంతమణి వేళ్ళు ముడుచుకోలేదు. డబ్బాలో వేళ్ళు పెట్టి, తీసుకోలేక, ఊరకే అలా ఉంచింది.

"తినిపించీమంటావేటమ్మా?" అంది నూకరత్నం.

"నీ చేత్తోనా?"

"మరెవులి సేతో? ఆయనది తలుపవతలుంది."

ఆమె నోరు తెరిచింది. నూకరత్నం గోలీకాయంత ముద్ద పెట్టింది. నమలడానికి చాలాసేపు పట్టింది. మింగాక కళ్ళు మూసుకుంది. మేము ముగ్గురమూ, గోడ వైపు తిరిగిన కాపలా మనిషితో కలిపి నలుగురమూ, ఏమవుతుందా అని చూశాం. ఏమీ అవలేదు.

"పుల్లగా ఉంది," అంది.

"రీడింగు చెప్పనా?"

"ఒద్దు. ఇంకో ముద్ద."

దినం 30

రోజుకు మూడు డబ్బాలు పంపుతున్నాను. నా భోజనం కూడా అందులోనే పోతోంది. పాత్ర బరువు తగ్గిందని శాఖ హెచ్చరిక పంపింది.

దినం 34

డాక్టరు చెప్పిన నెల ఈ రోజుతో పూర్తి. ఉదయం నూకరత్నం వచ్చేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాను. రావలసిన వేళకు రాలేదు. ఆ మధ్యకాలంలో గదిలోని గాజు గోడపై ఉన్న మరలన్నీ లెక్కపెట్టాను: రెండు వందల పదహారు. తరవాత బండి చప్పుడు వినిపించింది.

"లేటయిపోనాది తమ్ముడూ. మీ యావిడ మెట్లెక్కుతానని పట్టుబట్టింది. నాలుగు మెట్లెక్కి కూకుంది, నాలుగెక్కి కూకుంది. నన్నూ కూకోమంది. ఏటి సేస్తాను, కూకున్నాను."

"దగ్గిందా?"

"దగ్గింది. దగ్గి, నన్ను తిట్టింది. ఊపిరాడకపోతే తిడతాదేటి?"

ఈ దినం పాత్ర స్థితి: కింద కూర్చున్నాను. చాలాసేపు లేవలేదు. కారణం నమోదు చేయడం లేదు.

దినం 41

ఊరందరి నమూనాలూ మళ్ళీ పరీక్షించారు. ఇరవై మూడు రకాల క్రిములూ ఉన్నవారు వెయ్యిన్ని ఆరు వందల పన్నెండు మంది అని తేలింది. ఆరోగ్యం కుదుటపడిందని ఎవరూ సంతోషించే లోపే ఇది నియమ సమస్య అయింది. ఇన్ని పాత్రలకు అనుమతి లేదు. వీరందరినీ ఉంచడానికి గదులూ లేవు. అధికార సమావేశం రెండు రోజులు నడిచింది. కుముదిని గారు స్వయంగా వచ్చి ఉత్తర్వు చదివారు. తుమ్ములు లేవు. గొంతు మాత్రం ఇదివరకటికన్నా చిన్నదిగా ఉంది.

"ఒకటి. శాఖాధికారులతో సహా పై వెయ్యిన్ని ఆరు వందల పన్నెండు మందినీ పాత్రలుగా గుర్తించడమైనది. రెండు. పాత్ర గది దాటరాదు అనే నియమాన్ని సవరించే అధికారం మాకు లేనందున, గది సరిహద్దును మార్చడమైనది. ఇకపై పాత్రల గది అనగా నిర్మల వలయం మొత్తం, బయటి గోడ వరకు. మూడు. పాత్రలు గది దాటరాదు కనుక, మిగతావారూ త్వరలో పాత్రలు కానున్నందున, సరుకుల పెట్టెలో పైకి వెళ్ళడానికి ఇచ్చిన అనుమతులన్నీ రద్దు. ఇకపై పెట్టె సరుకులతో దిగును, ఖాళీగా వెళ్ళును."

"ఎన్నాళ్ళండీ?"

"కొత్త నియమావళి వచ్చేదాకా."

"అది రాసే పోస్టు?"

"ఖాళీ," అన్నారు. కాగితం మడిచి, తన సంతకం చూపించారు. అవధానం కుముదిని, సమతౌల్యాధికారిణి, పాత్ర సంఖ్య 88. "మా అమ్మాయి పైన ఉంటుంది. ఈసారి పెట్టెలో వెళ్ళాలనుకున్నాను." ఆ మాటను ఆమె అక్షరాలు విడమరచకుండా అన్నారు.

గది తలుపు తీశారు. నలభై ఒక్క రోజుల తరవాత నడిస్తే పన్నెండో అడుగు వింతగా ఉంటుందని గమనించాను. ఆరో శ్రేణి వీధికి వెళ్ళే దారిలో ప్రతి ఇంటి గొట్టం మీదా ఒక డబ్బా ఉంది. కొందరు నన్ను చూసి నమస్కారం పెట్టారు. కొందరు, పెట్టెలో వెళ్ళవలసినవారు కాబోలు, తలుపు వేసుకున్నారు. వారి తప్పేమీ లేదు.

కాంతమణి కొత్త దినచర్య పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది. ప్రతి పాత్రా తన స్థితిని తానే నమోదు చేయాలట. నన్ను చూసి లేవలేదు. కలం రెండు వేళ్ళ మధ్య ఇరికించుకుని రాసుకుపోతోంది. నేను వెనకాల నిలబడి చదివాను. ఆమె మొదటి పుట నియమం ప్రకారం ఇక్కడ నకలు చేస్తున్నాను.

"పాత్ర సంఖ్య: 2. పేరు: బెవర కాంతమణి. స్థితి: మూడు వేళ్ళు ముడుచుకుంటున్నాయి, రెండు ముడుచుకోవడం లేదు. ఊపిరి: ఉంది. ఆహారం: తోడుపెట్టిన అన్నం. కలిపినవారు: మొగుడు. తినిపించినవారు: అవసరం లేదు, నేనే తిన్నాను. ఫిర్యాదులు: ఉప్పు. గది సౌకర్యంగా ఉన్నదా: అతుకులు నేనే వేశాను, గట్టిగానే ఉన్నాయి, మాలో ఎవరూ బయటికి పోలేరు. విడుదల కోరుచున్నారా:"

ఆ గడి దగ్గర కలం ఆగింది. ఆమె కిటికీ వైపు చూసింది. అవతల మూడు వందల మీటర్ల నీళ్ళు. తరవాత నన్ను చూసి, "ఇక్కడేం రాయమంటావు?" అంది.

నేను ఆలోచిస్తూండగానే తనే రాసేసింది.

"ఎక్కడికి?"